ముప్పై అయిదు క్యూసెక్కుల దేవుడు

(గ్రంథాలయంలో జరిగిన నెలవారీ సమావేశంలో, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమించిన ఒక సభ్యుడి ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, అమ్మలకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. ఫ్యాను కూడా ఇక్కడే తిరుగుతోంది.

జపాన్ వెళ్లొచ్చారు కదా, ఏదైనా చెప్పండి అన్నారు. బుల్లెట్ రైలు గురించి చెబుతానని కొందరు అనుకుని ఉంటారు. నేను నీళ్ల మనిషినండి. ముప్పై నాలుగేళ్లు కాలువగట్ల మీద తిరిగాను. కాబట్టి నీళ్ల గురించే చెబుతాను. ఒక జలపాతం గురించి. ఒక్క జలపాతం గురించే.

దాని పేరు నాచి. జపాన్‌లో ఒసాకాకి దక్షిణంగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన పెద్ద ద్వీపకల్పం ఒకటుంది, కీ ద్వీపకల్పం అంటారు. దాని కొసన ఉన్న కొండల ప్రాంతం కుమానో. ఆ కొండల్లో ఉంది నాచి జలపాతం. మా అమ్మాయీ అల్లుడూ ఒసాకాలో ఉంటారు. అక్కడి నుంచి కీ-కత్సుఉరా అనే స్టేషనుకి రైల్లో నాలుగు గంటలు. దారి పొడుగునా కుడిచేతి వైపు సముద్రం. దిగితే ఊరంతా చేపల రేవు, ట్యూనా చేపకి పేరు పడ్డ రేవు. అక్కడి నుంచి బస్సులో అరగంట కొండెక్కితే నాచి.

మేం బస్సు కాస్త ముందే దిగిపోయి రాతిమెట్ల దారిన నడిచాం. దాన్ని దైమోన్‌జకా అంటారు. 267 మెట్లు. రెండు పక్కలా దేవదారులాంటి చెట్లు, సుగి అంటారు వాళ్లు. మొదట్లోనే దారికి అటొకటి ఇటొకటి, ఎనిమిది వందల ఏళ్ల చెట్లు రెండున్నాయి. భార్యాభర్తల చెట్లని పేరు. మా ఆవిడ ఒక చెట్టు దగ్గర ఆగి చెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు. మెట్ల రాళ్లు అరిగి నున్నబడి నాచు పట్టి ఉన్నాయి. ఎవరి పాదాలకి అరిగాయి అవి? చక్రవర్తుల దగ్గర్నుంచి కూలివాళ్ల దాకా అందరి పాదాలకీ. గో-షిరకవా అని పన్నెండో శతాబ్దపు చక్రవర్తి, సింహాసనం దిగిపోయాక కుమానోకి ముప్పైసార్లకు పైగా వచ్చాడు. క్యోటో నుంచి రాను పోను నెల రోజుల ప్రయాణం. ముప్పైసార్లు! ఆ తర్వాత మామూలు జనం మొదలుపెట్టారు. కుమానో యాత్ర అంటే చీమల బారు అని వాళ్ల భాషలో నానుడే ఉంది. చూడండి, మనమూ అదే మాట అంటాం కదా, చీమల బారు అని. ఇంకో సంగతి. ఆ రోజుల్లో చాలా పుణ్యక్షేత్రాల్లోకి ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు. కుమానో అందర్నీ రానిచ్చింది. ఆడవాళ్లని, రోగిష్టివాళ్లని, మైలపడ్డారన్నవాళ్లని, అందర్నీ.

సరే, జలపాతం దగ్గరికి వద్దాం.

రోడ్డు మీద ఒక రాతి తోరి ఉంటుంది. తోరి అంటే రెండు స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు. తలుపులుండవు. దాని కిందినుంచి పోతే దేవుడి హద్దులోకి వెళ్లినట్టు. అక్కడ ఒకసారి తలవంచి లోపలికి అడుగుపెట్టాలి. అక్కడి నుంచి కిందికి దిగాలి. గుర్తుపెట్టుకోండి, దిగాలి. మనకి దేవుడంటే మెట్లెక్కడం అలవాటు. ఇక్కడ నూటముప్పై పైచిలుకు మెట్లు దిగుతాం. రెండు పక్కలా ఆకాశం కనపడనంత ఎత్తు చెట్లు. మెట్టు మెట్టుకీ చప్పుడు పెరుగుతుంది. మొదట వానేమో అనుకుంటాం. తర్వాత ఎక్కడో గేట్లు ఎత్తారనిపిస్తుంది. ఆఖరి మెట్టు దిగి తలెత్తితే, ఎదురుగా ఇంకో తోరి, దాని వెనక జలపాతం.

నేను గుడి కోసం వెతికానండి. నిజంగా వెతికాను. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. తాయెత్తులూ అవీ ఇచ్చే చిన్న గది ఉంది. గుడేది? అమ్మాయిని అడిగాను, "గుడెక్కడమ్మా?" అని. "ఇదే నాన్నా" అంది జలపాతం వంక చూపించి.

ఆ క్షేత్రం పేరు హిరో జింజా. ఆ పేరు రాసే అక్షరాలకి అర్థం ఎగిరే జలపాతం. అక్కడ గర్భగుడి లేదు. మండపం లేదు. విగ్రహం లేదు. షింతో అంటే జపాన్ వాళ్ల సొంత పాత మతం. షింతో గుళ్లలో మామూలుగా లోపల ఒక అద్దమో కత్తో ఏదో ఉంటుంది, దేవుడు దాన్ని ఆవహించి ఉంటాడని నమ్మకం. గోషింతాయ్ అంటారు, దేవుడి శరీరం అని. అది తలుపుల వెనక ఉంటుంది, భక్తులకి చూపించరు. ఇక్కడ ఆ శరీరం జలపాతమే. ఓనముచి అనే దేవుడి పేరుతో కొలుస్తారు. దాచడానికి ఏమీ లేదు. తెర లేదు, తలుపు లేదు. ఎండొచ్చినా వానొచ్చినా ఎదురుగా కనపడుతున్నాడు కదా, ఇంకా గుడి ఎందుకు?

వాళ్లకీ మన ముక్కోటి దేవతల్లాంటి మాటే ఉంది. యావొయొరొజు అంటారు, ఎనభై లక్షల దేవతలని అర్థం. కొండ, చెట్టు, బండరాయి, ఏది చూస్తే మనిషికి నోట మాట రాకుండా పోతుందో అది దేవుడే.

ఇప్పుడు నా లెక్క చెబుతాను. ఎత్తు 133 మీటర్లు. అంటే నలభై అంతస్తుల మేడ. ఎక్కడా మెట్టు తగలకుండా ఒకే ఊపున దూకుతుంది. పైన వెడల్పు 13 మీటర్లు. కింద మడుగు లోతు 10 మీటర్లు. పడే నీళ్లు సెకనుకి సుమారు ఒక టన్ను అని చెబుతారు. ఒక టన్ను అంటే ఘనపు మీటరు. మన కొలతలో ఎంత? ముప్పై అయిదు క్యూసెక్కులు. ఇక్కడ మా శాఖవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లు చెప్పాలి, ముప్పై అయిదు క్యూసెక్కులు ఎంతండి? ఒక పిల్ల కాలువ. క్యూసెక్కుకి అరవై ఎకరాలు వేసుకుంటే రెండు వేల ఎకరాలు. ఒక లస్కరు సైకిలు మీద తిరిగి చూసుకునే కాలువ. వరద రోజుల్లో బ్యారేజీ మీద లక్షల క్యూసెక్కులు చూసిన కళ్లివి. లక్షలు చూసినప్పుడు నాకు భయమేసింది కానీ, ఎప్పుడూ దండం పెట్టాలనిపించలేదు. ఆ ముప్పై అయిదు క్యూసెక్కుల ముందు చేతులు వాటంతటవే లేచాయి.

ఎందుకో అక్కడే నిలబడి ఆలోచించాను. ఒక పని చేశాను. జలపాతం అంచు దగ్గర ఒక నీటి ముద్దని చూపుతో పట్టుకున్నాను. అది వదిలిన దగ్గర్నుంచి దాంతో పాటే కళ్లు కిందికి దించాను. లెక్క ప్రకారం గాలి అడ్డు లేకపోతే అయిదు సెకన్ల పైచిలుకు పట్టాలి. కానీ గాలి అడ్డుంటుంది కదా. ముద్ద దూకుతుంది, కొంతదూరం ముద్దగానే వస్తుంది. తర్వాత తల ముందు, తోక వెనక అవుతుంది, తోకచుక్కలాగా. సగం దిగేసరికి తోక విడిపోతుంది, తల పలచబడుతుంది. మూడొంతులు దిగేసరికి అది నీళ్లు కాదు, పొగ. ఆ పొగ రాయికి తగిలి మళ్లీ నీళ్లవుతుంది. దాన్ని కిందికి దించేసరికి పైన ఇంకొకటి. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ. ఎన్నిసార్లు పట్టుకున్నానో తెలీదు. ముఖం మీద తుంపర పడుతూనే ఉంది. కళ్లద్దాలు మూడుసార్లు తుడుచుకున్నాను.

పైన అంచు రాతిలో మూడు గాడులున్నాయి. నీళ్లు మూడు పాయలుగా విడిపోయి దూకుతాయి. అందుకే మూడు పాయల జలపాతం అనీ అంటారు. ఆ అంచుకి కాస్త ఎగువన, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక తాడు కట్టి ఉంటుంది. కింది నుంచి చూస్తే దారప్పోగు. పేనిన పవిత్రమైన తాడది, షిమెనవా అంటారు. ఇక్కడి నుంచి దేవుడి చోటు అని హద్దు చెప్పే తాడు. ఏడాదికి రెండుసార్లు మారుస్తారు, జూలై 9న, డిసెంబరు 27న. తెల్లబట్టలు కట్టుకున్న పూజారులు జలపాతం నెత్తి మీదికి ఎక్కి, నీళ్లలో దిగి పాత తాడు విప్పి కొత్తది కడతారు. డిసెంబరు ఆఖరులో ఆ చన్నీళ్లలో నిలబడాలంటే ఆలోచించండి. కాలు జారితే 133 మీటర్లు. తాడు కట్టడం చూస్తే చిన్న పని. కానీ ఏడాదికి రెండుసార్లు మనిషి స్వయంగా పైకి వెళ్లి, ఎగువన నీళ్లెలా ఉన్నాయో, రాళ్లెలా ఉన్నాయో, చెట్లెలా ఉన్నాయో కళ్లారా చూసి వస్తున్నాడు. మా శాఖలో దాన్ని తనిఖీ అంటాం. వాళ్లు పూజ అంటున్నారు. నాకు ఈ రెంటికీ తేడా ఉందనిపించలేదు.

దణ్ణం ఎలా పెట్టాలో కూడా చెబుతాను, వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. ముందు దోసెడు నీళ్లతో ఎడమచెయ్యి, కుడిచెయ్యి, నోరు కడుక్కోవాలి. దేవుడి ముందు రెండుసార్లు నడుం వంచాలి, రెండుసార్లు చప్పట్లు కొట్టాలి, ఇంకోసారి వంగాలి. మా నాలుగేళ్ల మనవరాలికి చప్పట్లు నచ్చాయి, ఆపలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ హోరులో వినపడితే కదా.

చిన్న రుసుము కడితే ఇంకాస్త దగ్గరికి, మంచెలా కట్టిన చోటికి వెళ్లొచ్చు. దారిలో రాతి డ్రాగన్ నోట్లోంచి నీళ్లొస్తుంటాయి. జలపాతం నీళ్లే. ఆయుష్షు పోసే నీళ్లంటారు. చిన్న పింగాణీ చిప్ప కొనుక్కుని పట్టుకుని తాగాలి. చల్లగా ఉన్నాయి, ఏ వాసనా లేదు. నీళ్ల మనిషిగా చెబుతున్నాను, ఏ వాసనా లేని నీళ్లు తాగి చాలా ఏళ్లయింది.

ఇక్కడ మనకి సంబంధించిన మాట ఒకటుంది. జలపాతం పక్కనే సెయిగాంతో-జి అని బౌద్ధాలయం ఉంది. బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే అవలోకితేశ్వరుడి క్షేత్రాలు 33 తిరిగే యాత్ర జపాన్‌లో ఒకటుంది, అందులో మొట్టమొదటిది ఇదే. ఆ గుడి స్థలపురాణం ఏమంటుందో తెలుసా? నాలుగో శతాబ్దంలో భారతదేశం నుంచి ఒక సన్యాసి ఓడలో కొట్టుకొచ్చి కుమానో తీరాన పడ్డాడట. ఒంటి మీద బట్ట లేదు కాబట్టి రగ్యో, అంటే దిగంబరి అని పిలిచారు. ఆయన ఈ జలపాతం కింద తపస్సు చేసి మడుగులోంచి చిన్న బంగారు అవలోకితేశ్వరుడి విగ్రహం తీశాడట. ఇది చరిత్ర అని నేను చెప్పను. జపాన్‌కి బౌద్ధం వచ్చిందని చరిత్రకారులు చెప్పే కాలం ఆరో శతాబ్దం, ఈ కథ అంతకన్నా ముందుకి వెళ్తోంది. కానీ ఆ కథని వాళ్లు ఇన్ని వందల ఏళ్లు చెప్పుకుంటున్నారు, అది మాత్రం చరిత్రే.

ఇంకోటి వినండి. కింద నాచి స్టేషను దగ్గర ఫుదరకుసాన్-జి అని చిన్న గుడి ఉంది. ఫుదరకు అంటే ఏమిటి? మన పోతలకం. అవలోకితేశ్వరుడు ఉండే కొండ. ఆ కొండ దక్షిణ భారతంలో ఉందని హ్యుయాన్ త్సాంగ్ రాశాడు. తమిళనాడు, కేరళ సరిహద్దులోని పొదిగై కొండలే అవి అని పండితులు కొందరంటారు. ఈ నాచి తీరం నుంచి, కొన్ని వందల ఏళ్లపాటు, అప్పుడొకరు అప్పుడొకరుగా సన్యాసులు చిన్న పడవలెక్కి పోతలకానికి బయలుదేరేవారు. పడవ మీద గూడు కట్టి లోపల కూర్చోబెట్టి బయటి నుంచి మేకులు కొట్టేవారు. తిరిగి రారని అందరికీ తెలుసు. ఆ పడవ నమూనా ఒకటి ఆ గుడి ఆవరణలో పెట్టారు. నేను దాని ముందు నిలబడ్డాను. తోరణాల్లాంటివి నాలుగు వైపులా కట్టిన చిన్న పడవ. ఒక మనిషి కాళ్లు ముడుచుకుంటేనే పట్టే గూడు. మన దక్షిణాది ఒక కొండ కోసం, వాళ్లెప్పుడూ చూడని కొండ కోసం, ప్రాణం వదిలేశారండి. నాకు కడుపులో దేవినట్టయింది. అక్కడ ఇంతకుమించి చెప్పలేను.

షింతో దేవుడూ, అవలోకితేశ్వరుడూ ఒక్కరే అని వాళ్లు వెయ్యేళ్లు నమ్మారు. ఈ జలపాతమే సహస్రభుజ అవలోకితేశ్వరుడు అన్నారు. 1868లో మెయిజీ ప్రభుత్వం షింతో వేరు, బౌద్ధం వేరు, విడదీయండి అని హుకుం వేసింది. నాచిలో షింతో గుడీ బౌద్ధాలయమూ విడిపోయాయి. విడిపోయి ఎంత దూరం పోయాయి? పక్కపక్కనే ఉన్నాయి. షింతో గుడి కుమానో నాచి తైషా సిందూరం రంగులో ఉంటుంది, దాని పక్కన 1590లో ఆనాటి పాలకుడు హిదెయోషి కట్టించిన సెయిగాంతో-జి రంగు వెయ్యని పాత కర్రతో ఉంటుంది. జనం ఒక దాంట్లో చప్పట్లు కొట్టి, రెండో దాంట్లో అగరొత్తులు వెలిగించి పోతారు. నీళ్లని ఎవరు విడదీస్తారు?

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన మనిషి దగ్గరికి వస్తాను. మినకతా కుమగుసు. ఈ పేరు మీరు వినలేదు, నేనూ అక్కడికి వెళ్లేదాకా వినలేదు. 1867లో, నాచి ఉన్న ఆ వకయామా ప్రాంతంలోనే పుట్టాడు. అమెరికా, క్యూబా తిరిగి, లండన్‌లో ఏళ్లు గడిపి, బ్రిటిష్ మ్యూజియంలో చదువుకుని, 1900లో వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వచ్చి నాచి అడవిలో రెండేళ్లకు పైగా ఉన్నాడు. ఏం చేశాడు? నాచు, పుట్టగొడుగులు, బంక బూజు ఏరాడు. జిగురుగా, కుళ్లిన మాను మీద పాకే బంక బూజు. అది జంతువా మొక్కా అని ఆ రోజుల్లో తేల్చుకోలేకపోతున్నారు. ఈయన జీవితమంతా దానికే పెట్టాడు.

1906లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. చిన్న చిన్న గుళ్లు ఎక్కువైపోయాయి, ఊరికి ఒక్కటి ఉంచి మిగతావి కలిపేయండి అని. దాదాపు 70 వేల గుళ్లు పోయాయంటారు. గుడి పోతే ఏమవుతుంది? గుడి చుట్టూ ఉన్న అడవికి దేవుడి కాపలా పోతుంది. చెట్లు కొట్టి అమ్ముకోవచ్చు. అమ్ముకున్నారు. కుమగుసు లేచాడు. పత్రికల్లో రాశాడు, అధికారులకి ఉత్తరాలు రాశాడు. చెట్లు కొడితే పిట్టలు పోతాయి, పిట్టలు పోతే పురుగు పెరిగి పంట పోతుంది, ఊటలు ఎండుతాయి అని విడమరిచి చెప్పాడు. 1911లోనే ఎకాలజీ అనే మాట వాడాడు. 1910లో ఒక సభలోకి చొరబడి గొడవ చేశాడని పద్ధెనిమిది రోజులు జైల్లో పెట్టారు. పదేళ్లు పోరాడాక, 1920లో గుళ్లు కలిపే పని ఆగింది. 1929లో చక్రవర్తి హిరోహితో ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు, ఈయన్నే పిలిచి పాఠం చెప్పించుకున్నాడు. కుమగుసు బంక బూజు నమూనాలు 110 తీసుకెళ్లి ఇచ్చాడు. దేంట్లో పెట్టి ఇచ్చాడు? క్యారమెల్ మిఠాయిలు వచ్చే అట్టపెట్టెల్లో పెట్టి.

ఆయన తిరిగిన నాచి అడవి ఇప్పటికీ ఉంది. జలపాతం పక్కనే, గొడ్డలి పడకుండా. అడుగు పెట్టనివ్వరు. ముప్పై అయిదు క్యూసెక్కులు ఆకాశంలోంచి ఊడిపడవు కదా. వెనక ఉన్న కొండ మీద పడ్డ వానని ఆ వేళ్లు పట్టుకుని, ఆకు మగ్గిన నేల పీల్చుకుని, మెల్లమెల్లగా వదిలితేనే ఆ మూడు పాయలు.

ఇది వింటుంటే నాకు మన వైపు ఒక కొండవాగు గుర్తొచ్చింది. పేరు చెప్పను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, మే నెలలో కూడా ఆ వాగులో మోకాటి లోతు నీళ్లుండేవి. వాగు పక్కన మర్రిచెట్టు కింద ఒక రాయి, పసుపు రాసి, కుంకుమ పెట్టి. ఊరివాళ్లు ఆ చుట్టుపక్కల పుల్ల కూడా విరిచేవారు కాదు. అమ్మవారు ఊరుకోదు అనేవారు. పాతికేళ్ల తర్వాత బదిలీ మీద మళ్లీ అక్కడికే వెళ్లాను. రాయి మీద పెద్ద గుడి లేచింది. గ్రానైటు, పలకలు, గ్రిల్లు, దాతల పేర్లు. మర్రిచెట్టు లేదు, మండపానికి అడ్డమొచ్చిందట. పైన కొండ బోడిగా ఉంది. సంక్రాంతికే వాగు ఎండిపోతోందని చెప్పారు. గుడిలో అభిషేకానికి ట్యాంకరుతో నీళ్లు తెస్తున్నారు. పైన చెట్లు కొడుతున్నారని మా కాగితాల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే మా లెక్క వాగు దగ్గర నీటిమట్టం కొలిచే గేజితో మొదలవుతుంది. గేజికి పైన ఏముందో చూడటం ఎవరి పనీ కాదు. నేను కూడా చూడలేదు. అది నా మనసులో ముల్లులా ఉంది. నాచిలో ఆ తాడు చూసినప్పుడు ఆ ముల్లు కదిలింది.

అడవి ఉంటే ఆపద రాదని కాదు. 2011 సెప్టెంబరులో తుఫాను వచ్చింది. ఆ కొండల మీద వాన ఆగకుండా కురిసింది. నాచి నది రాళ్లూ మానులూ మోసుకొచ్చి లోయలో ఊళ్ల మీద పడింది. చాలామంది చనిపోయారు. నాచి తైషా వెనక కొండ విరిగి ఆలయాల్లోకి బురద వచ్చింది. జలపాతం కింద కూడా రాళ్లు కొట్టుకొచ్చి దెబ్బతింది. దేవుడే ఇంత పని చేశాడని వాళ్లు అలిగి కూర్చోలేదు. బురద తోడారు, రాళ్లు సర్దారు, ఆ డిసెంబరులో కొత్త తాడు కట్టారు. నీళ్లంటే అదే. ముప్పై అయిదు క్యూసెక్కులూ ఆయనే, ఆ రోజు వరదా ఆయనే.

వెళ్లదలచుకున్నవాళ్లు జూలై 14న వెళ్లగలిగితే వెళ్లండి. మేం ఏప్రిల్లో వెళ్లాం, చూడలేకపోయాం, అది నాకు వెలితే. ఆ రోజు నాచి తైషా దేవుళ్లు పన్నెండుమందీ తమ పాత చోటికి, జలపాతం దగ్గరికి వస్తారు. ఆ దేవుళ్లు మొదట ఉన్నది జలపాతం దగ్గరే, తర్వాత పైకి మార్చారని వాళ్ల చరిత్ర. అంటే ఏడాదికోసారి పుట్టింటికి రావడం. ఆరు మీటర్ల ఎత్తున, విసనకర్రలు గుచ్చిన పన్నెండు పల్లకీలు నిలువుగా మోసుకొస్తారు. అవి జలపాతం రూపమే. వాటికి ఎదురుగా యాభై కిలోలకు పైన బరువుండే పన్నెండు కాగడాలు భుజాన వేసుకుని, మేం దిగిన ఆ మెట్ల మీదే, మగవాళ్లు నిప్పుతో దారి శుద్ధి చేస్తారు. నిప్పు ఇటు, నీళ్లు అటు.

ముసలివాళ్లకి దైమోన్‌జకా కష్టమైతే బస్సు జలపాతం ముందు దాకా వస్తుంది. వాన పడ్డ మర్నాడు వెళ్లండి, పాయలు నిండుగా ఉంటాయి. మెట్లు జారతాయి, మంచి చెప్పులు వేసుకోండి.

ఫోటోలు కడిగించి ఈ బల్ల మీద పెట్టాను. మూడో ఫోటోలో జలపాతం పైఅంచు చూడండి. తెల్లటి దారంలా ఉంటుంది, కళ్లద్దాలున్నవాళ్లకైతే కనపడుతుంది. అదే తాడు. పక్కన పెట్టింది ఆ పింగాణీ చిప్ప. చేత్తో పట్టుకుని చూడొచ్చు, పిల్లలు కూడా. జాగ్రత్తగా అందుకోండి.